ఎర్ర గీత పడాల్సిన చోట పడాలి

మొన్నో గురువారం సాయంత్రం. ఆరున్నర దాటింది. బ్యాగు సర్దుకుని క్యాబ్ బుక్ చేద్దామని ఫోన్ తీశాను. ఇంతలో మా టీమ్‌లో రెండు నెలల కిందట చేరిన అమ్మాయి నా సీటు దగ్గరికొచ్చి నిలబడింది. చేతిలో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది.

"అన్నా, ఒక్క నిమిషం. నా దగ్గర ఒక్క ఎర్రర్ కూడా లేదు. బిల్డ్ మాత్రం మూడుసార్లు ఫెయిలయింది."

మర్నాడు పొద్దున క్లయింట్‌కి డెమో. టీమ్ గ్రూపులో అప్పటికే మెసేజ్ పడింది. "కోడ్ పంపే ముందు ఒకసారి మీ మెషీన్‌లో చెక్ చేసుకుంటే ఏం పోతుంది?" అని. ఎవరి పేరూ పెట్టలేదు. పెట్టక్కర్లేదు కూడా, ఆ రోజు కోడ్ పంపింది తనొక్కతే.

"నేను చెక్ చేశానన్నా. నిజంగానే చేశాను" అంది. గొంతు వణుకుతోంది. ఇంకో మాట అంటే ఏడ్చేసేలా ఉంది.

ఫోన్ పక్కన పెట్టి చూశాను. తను వాడేది వీఎస్ కోడ్. ఆ కిటికీ అడుగున ఎడమ మూలన ఎర్రర్లెన్ని, వార్నింగ్‌లెన్ని అని రెండు చిన్న అంకెలుంటాయి. రెండూ సున్నాలే. బ్రౌజర్‌లో పేజీ చక్కగా నడుస్తోంది. బటన్లు పనిచేస్తున్నాయి. అమ్మాయి అబద్ధం చెప్పట్లేదు. అటు బిల్డ్ సర్వర్ చూస్తే 'కుదరదు' అంటోంది. అది కూడా అబద్ధం చెప్పే రకం కాదు.

ఈ వారం ఈ సంగతే చెప్పుకుందాం. ప్రోగ్రామర్ల గొడవ మాకెందుకు అని పేజీ తిప్పేయకండి. తప్పు చేసినవాడికి ఆ తప్పును ఎక్కడ, ఎప్పుడు చూపించాలి అన్నదే ఇందులో అసలు విషయం. అది అన్ని ఉద్యోగాల్లోనూ ఉండేదే.

బిల్డ్ అంటే ఏంటి?

మేం రాసే కోడ్ రాసింది రాసినట్టు మీ ఫోన్‌లోకి రాదు. వెబ్‌సైట్ల భాష జావాస్క్రిప్ట్. మేం దాన్ని వందలాది ఫైళ్లుగా విడగొట్టుకుని రాస్తాం. చాలామంది దానికి టైప్‌స్క్రిప్ట్ అనే కట్టుదిట్టమైన రూపం వాడతారు. ఇది అంకె, ఇది అక్షరాల వరుస అని ముందే ప్రకటించి రాయడం దాని పద్ధతి. ఈ ఫైళ్లన్నిటినీ సరిచూసి, కలిపి, కుదించి, బ్రౌజర్‌కి అర్థమయ్యేలా మూటగట్టే పనినే బిల్డ్ అంటాం. ఆ పని చేసే పనిముట్లు వెబ్‌ప్యాక్, వీట్, ఈఎస్‌బిల్డ్ లాంటివి. తప్పు కనబడితే ఇవి ఆగిపోయి తిడతాయి.

ఆ తిట్లు ఎక్కడ పడతాయి? టెర్మినల్ అనే నల్ల కిటికీలో. మేం కోడ్ రాసేదేమో ఎడిటర్‌లో. పరీక్ష పేపర్ దిద్దే టీచర్‌ని గుర్తుచేసుకోండి. తప్పు రాసిన లైను కిందే ఎర్ర పెన్నుతో గీత గీస్తే పిల్లాడికి అప్పటికప్పుడు అర్థమవుతుంది. అలాకాకుండా పేపర్ మీద గీత పెట్టకుండా, తప్పులన్నీ వేరే కాగితం మీద రాసి స్టాఫ్ రూమ్‌లో అంటించారనుకోండి. వెళ్లి చూసేవాళ్లెందరు? చూసినా, ఏ ప్రశ్నలో ఏ లైనో వెతుక్కుని మళ్లీ తన పేపర్ దగ్గరికి రావాలి.

మేం రోజూ చేసేది అదే. టెర్మినల్‌లో వందల లైన్లు పరుగెడతాయి. మధ్యలో ఎక్కడో అసలు తప్పు. చివర్లో కనబడేది మాత్రం 'ప్రాసెస్ ఆగిపోయింది' అనే ముక్తసరి మాట. కొత్తవాళ్లు చివరి లైను చదివి, దాన్నే గూగుల్‌లో వెతికి, దానికొచ్చిన సలహాలన్నీ పాటించి ఇంకా పాడుచేసుకుంటారు. నేనూ చేశాను. చివరి లైను ఫలితం మాత్రమే చెబుతుంది, కారణం పైనెక్కడో ఉంటుందని ఎవరూ చెప్పలేదు మరి.

నీలం తెర రోజులు

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు టర్బో సీ గుర్తుండే ఉంటుంది. ల్యాబ్‌లో నీలం తెర, పసుపు అక్షరాలు. ఆల్ట్, ఎఫ్9 నొక్కితే కంపైల్ అయ్యేది. తప్పులుంటే కింద మెసేజ్ కిటికీలో వరుసగా వచ్చేవి. ఒకదాని మీద ఎంటర్ కొడితే కర్సర్ నేరుగా ఆ లైను మీదికి వెళ్లేది. ఆల్ట్, ఎఫ్8 నొక్కితే తర్వాతి తప్పు. సెమీకోలన్ మర్చిపోయామని తెలిసేది, పెట్టేసేవాళ్లం. 'ఈ పాత సామాను ఇంకెన్నాళ్లురా' అని నవ్వుకునేవాళ్లం కానీ, ఆ సౌకర్యం విలువ అప్పుడు తెలియలేదు.

ఆ వంశం ఇంకా వెనక్కి వెళుతుంది. 1983లో బోర్లాండ్ కంపెనీ టర్బో పాస్కల్ తెచ్చింది. ఎడిటర్, కంపైలర్ రెండూ ఒకే ప్రోగ్రాంలో ఉండటం దాని ప్రత్యేకత. తప్పు దొరకగానే కంపైలర్ ఆగి, కర్సర్‌ని ఆ తప్పు మీదే పెట్టి, ఎడిటర్‌ని మన చేతికిచ్చేది. దాని కంపైలర్ రాసింది డెన్మార్క్‌కు చెందిన ఆండర్స్ హెయిల్స్‌బర్గ్. ఆయనే తర్వాత మైక్రోసాఫ్ట్‌లో చేరి సీ షార్ప్‌కు రూపమిచ్చాడు. 2012లో బయటికొచ్చిన టైప్‌స్క్రిప్ట్ వెనకున్న ప్రధాన వ్యక్తి కూడా ఆయనే. తప్పును ఎడిటర్‌లోనే చూపించాలన్న పట్టుదల ఆ మనిషిని దాదాపు ముప్పై ఏళ్లు వదల్లేదన్నమాట.

మరి 1983లో ఉన్న సుఖం మా అమ్మాయికి ఇప్పుడెందుకు లేదు?

కారణం జావాస్క్రిప్ట్ పుట్టుకలోనే ఉంది. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దీని తొలి రూపం తయారుచేశాడు. వెబ్ పేజీల్లో చిన్న చిన్న పనులకు పెట్టుకున్న భాష అది. కంపైల్ చేసే మెట్టే లేదు. ఫైలు రాయి, బ్రౌజర్‌లో తెరువు, అంతే. తప్పుంటే బ్రౌజరే చెప్పాలి, లేదా నోరుమూసుకోవాలి. 2009లో నోడ్ జేఎస్ వచ్చి జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయటికి తెచ్చింది. దాని మీద రకరకాల పనిముట్లు మొలిచాయి. 2012లో వెబ్‌ప్యాక్ మొదలైంది. 2020లో ఈఎస్‌బిల్డ్, వీట్ వచ్చాయి. ఇవన్నీ వేర్వేరు మనుషులు, వేర్వేరు కాలాల్లో, ఎడిటర్‌తో సంబంధం లేకుండా చేసినవి. టర్బో పాస్కల్ ఉమ్మడి కుటుంబం. ఇక్కడ ఎవరి వాటా వాళ్లది. ఒకరి ఇంట్లో ఏం జరుగుతోందో ఇంకొకరికి తెలియదు.

ఆ సున్నా ఎక్కడిది?

ఇప్పుడు మళ్లీ గురువారం సాయంత్రానికి వద్దాం.

ఆ రోజు తనకిచ్చిన పని చిన్నదే. వస్తువు ధర అప్పటిదాకా సర్వర్ నుంచి అంకెగా వచ్చేది, ఇకపై అక్షరాల వరుసగా వస్తుంది. ఆ మార్పుకు తగ్గట్టు కోడ్ మార్చాలి. ధర నిర్వచనం ఉన్న ఫైలు తెరిచి మార్చింది. దాన్ని వాడే రెండు ఫైళ్లు తనకు తెలుసు కాబట్టి వాటిని సరిచేసింది. మూడోది ఇన్‌వాయిస్ పేజీ. అలాంటిదొకటి ఉందనే తనకు తెలియదు. చేరి రెండు నెలలే కదా.

ఆ ఇన్‌వాయిస్ పేజీలో ధరకు డెలివరీ చార్జీ 40 రూపాయలు కలిపే లైనుంది. ధర అంకె అయితే 499కి 40 కలిపి 539 వస్తుంది. ధర అక్షరాల వరుస అయితే జావాస్క్రిప్ట్ కూడదు, పక్కపక్కన అతికిస్తుంది. 49940 వస్తుంది. ఐదొందల చీరకు యాభైవేల బిల్లు! ఇది కస్టమర్ దాకా వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. టైప్‌స్క్రిప్ట్ దాన్ని పట్టుకుంది. 'అంకె ఉండాల్సిన చోట అక్షరాల వరుస పెడుతున్నావు' అంది. ఆ ఎర్రర్‌కి నంబర్ కూడా ఉంది, టీఎస్ 2322. ఈ పని చేసేవాళ్లకు అది రోజూ పలకరించే చుట్టమే.

మరి ఎడిటర్ ఎందుకు చెప్పలేదు? వీఎస్ కోడ్ మామూలుగా మీరు తెరిచిన ఫైళ్లలోని టైప్‌స్క్రిప్ట్ తప్పులనే చూపిస్తుంది. ప్రాజెక్టు మొత్తం ప్రతి అక్షరానికీ సరిచూస్తూ కూర్చుంటే కంప్యూటర్ నెమ్మదిస్తుంది కాబట్టి ఆ ఏర్పాటు. ఇన్‌వాయిస్ ఫైలు తెరవలేదు, తప్పు కనబడలేదు.

బ్రౌజర్‌లో ఎలా నడిచింది? మేం వాడేది వీట్. ఫ్రెంచిలో ఆ మాటకు 'త్వరగా' అని అర్థం. పేరుకు తగ్గట్టే పరుగెడుతుంది. ఆ వేగానికి ఒక కారణం, అది టైపులు సరిచూడదు. టైప్‌స్క్రిప్ట్ గుర్తులను తీసిపారేసి మిగిలిన జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్‌కి ఇచ్చేస్తుంది. ఇందులో దాపరికం లేదు. టైపులు చూసే పని ఎడిటర్‌దీ బిల్డ్‌దీ అని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది. తనేమో ఇన్‌వాయిస్ పేజీ తెరిచి చూడలేదు.

పెళ్లిలో తాళిబొట్టు నువ్వు తెచ్చావనుకున్నానంటే నువ్వు తెచ్చావనుకున్నానని ముగ్గురూ అనుకున్నట్టయింది. ఎడిటర్ 'తెరిచినవి మాత్రమే నా పూచీ' అంది. వీట్ 'నాకు సంబంధం లేదు' అంది. చివరికి బిల్డ్ సర్వర్ అన్ని ఫైళ్లూ తీసి చూసి, పీటల మీద కూర్చున్నాక 'తాళి ఏదీ?' అంది. నెపం మాత్రం కొత్తగా చేరిన అమ్మాయి మీద పడింది.

జల్లెడ పట్టే పద్ధతి

దీనికి మందు ఉంది. కొత్తది కూడా కాదు. ఈమాక్స్, విమ్ అనే పాత ఎడిటర్లు ఎప్పుడో కనిపెట్టిన కిటుకు. టెర్మినల్‌లోకి వెళ్లే రాతను ఎడిటరే చదివి, అందులో ఫైలు పేరు, లైను నంబర్ పట్టుకుని, ఆ చోటికి దారి చూపించడం. వీఎస్ కోడ్‌లో దాన్ని ప్రాబ్లమ్ మ్యాచర్ అంటారు.

టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ ఒక తప్పు చెప్పాలంటే ఒక వరుసలో చెబుతుంది. ముందు ఫైలు పేరు, తర్వాత బ్రాకెట్లలో లైను నంబరూ ఆ లైనులో ఎన్నో అక్షరమో, తర్వాత 'ఎర్రర్' అనే మాట, దాని నంబరు, చివర్న సంగతేంటో ఒక వాక్యం. ప్రాబ్లమ్ మ్యాచర్ ఒక జల్లెడ. వందల లైన్లు పోస్తే, ఈ ఆకారంలో ఉన్నవి మాత్రమే పైన నిలుస్తాయి. వాటిలోంచి ఫైలు, లైను, సంగతి విడదీసి ఎడిటర్‌కి ఇస్తుంది. ఎడిటర్ ఆ లైను కింద ఎర్ర గీత గీస్తుంది. పక్కన ఫైళ్ల జాబితాలో ఆ ఫైలు పేరు ఎర్రబడుతుంది, తెరవకపోయినా సరే. మాకు కావలసింది ఇదే.

ఎలా పెట్టుకోవాలో చెబుతాను. కంట్రోల్, షిఫ్ట్, బీ కలిపి నొక్కండి. ప్రాజెక్టులో టీఎస్‌కాన్ఫిగ్ ఫైలుంటే 'బిల్డ్', 'వాచ్' అని రెండు పనులు వీఎస్ కోడే చూపిస్తుంది. వాచ్ ఎంచుకుంటే కంపైలర్ వెనకాల కూర్చుని, మీరు ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ ప్రాజెక్టు మొత్తం సరిచూస్తుంది. తప్పుల జాబితాకు కంట్రోల్, షిఫ్ట్, ఎమ్. ఒక తప్పు నుంచి ఇంకోదానికి వెళ్లడానికి ఎఫ్8. చూశారా, టర్బో సీలోనూ ఎఫ్8, ఇక్కడా ఎఫ్8!

ఆ పనిని టాస్క్స్ డాట్ జేసన్ అనే ఫైల్లో రాసిపెడితే టీమ్‌లో అందరికీ వస్తుంది. ప్రాజెక్టు తెరవగానే దానంతటదే మొదలయ్యేలా కూడా రాయొచ్చు. మొదటిసారి అనుమతి అడుగుతుంది, ఇస్తే చాలు.

చెప్పినంత సాఫీగా మాత్రం జరగదు. నేను పడ్డ గుంతలు కొన్ని చెబుతాను, మీరు తప్పించుకోండి.

మొదటిది, దయ్యం తప్పులు. వెనకాల నడుస్తూ ఉండే పని ఎప్పుడు సరిచూడటం మొదలుపెట్టిందో, ఎప్పుడు ముగించిందో ఎడిటర్‌కి తెలియాలి. తెలిస్తేనే పాత జాబితా చెరిపి కొత్తది రాస్తుంది. టైప్‌స్క్రిప్ట్‌కి ఆ గుర్తులున్న వాచ్ మ్యాచర్ వీఎస్ కోడ్‌తోనే వస్తుంది. దాన్ని కాకుండా మామూలు మ్యాచర్ పెడితే, సరిచేసిన తప్పు కూడా ఎర్రగా వేలాడుతూనే ఉంటుంది. బాకీ తీర్చేసినా కొట్టువాడి చిట్టాలో కొట్టివేయనట్టు. నాలుగు రోజులకి ఎర్ర గీతల మీద నమ్మకం పోతుంది.

రెండోది, దారి తప్పడం. ఒకే రిపాజిటరీలో ఫ్రంటెండ్ ఒక ఫోల్డర్‌లో, బ్యాకెండ్ ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. కంపైలర్ ఫ్రంటెండ్ ఫోల్డర్ నుంచి లెక్కేసి ఫైలు దారి చెబుతుంది, ఎడిటర్ పై ఫోల్డర్ నుంచి వెతుకుతుంది. తప్పు మీద నొక్కితే ఫైలు దొరకలేదంటుంది. మ్యాచర్‌లో 'దారి ఫలానా ఫోల్డర్ నుంచి లెక్కెయ్యి' అని ఒక్క లైను రాస్తే సరి.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. దొంగ సున్నా. వీట్ ఇచ్చే కొన్ని టైప్‌స్క్రిప్ట్ మూసల్లో పైనున్న టీఎస్‌కాన్ఫిగ్ ఫైల్లో నిజానికి ఏ ఫైళ్లూ ఉండవు. 'అసలువి ఆ పక్క రెండు కాన్ఫిగ్‌లలో ఉన్నాయి చూడు' అని చూపించే బోర్డు మాత్రమే అది. టెర్మినల్‌లో ఉత్తినే కంపైలర్‌ని పిలిస్తే ఆ బోర్డు చదివి, చూడ్డానికేం లేదని, తప్పులు సున్నా అని వెళ్లిపోతుంది. మీరేమో సంబరపడతారు. బిల్డ్ అనే గుర్తు, అంటే చిన్న బీ, జోడించి పిలిస్తేనే ఆ రెండు కాన్ఫిగ్‌లలోకీ వెళ్లి చూస్తుంది. అందుకే కొత్త ప్రాజెక్టులో ఇదంతా పెట్టుకున్నాక, కావాలనే ఒక తెరవని ఫైల్లో తప్పు రాసి చూడండి. ఎర్రబడితేనే నమ్మండి.

నాలుగోది, రెండు నాలుకలు. వీఎస్ కోడ్ తనతోపాటు ఒక టైప్‌స్క్రిప్ట్ తెచ్చుకుంటుంది. ప్రాజెక్టులో వేరే వెర్షన్ ఉండొచ్చు. అప్పుడు ఎడిటర్ ఒకటి చెబుతుంది, బిల్డ్ ఇంకోటి చెబుతుంది. కమాండ్ ప్యాలెట్‌లో టైప్‌స్క్రిప్ట్ వెర్షన్ ఎంచుకునే చోటికెళ్లి, ప్రాజెక్టులో ఉన్నదే వాడమని చెప్పండి.

ఈఎస్‌బిల్డ్ లాంటివాటి తిట్టు ఒక్క లైనులో రాదు. పైన సంగతి, మధ్యలో ఖాళీ లైను, కింద ఫైలు పేరు. జల్లెడను కూడా ఆ మూడు వరుసలకు తగ్గట్టే అల్లాలి. ఆ మధ్య ఖాళీ లైను సంగతి మర్చిపోయి నేనొకసారి గంట తల బద్దలు కొట్టుకున్నాను. ఎవరైనా ముందే రాసిపెట్టిన ఎక్స్‌టెన్షన్ ఉందేమో చూసుకోవడం మేలు.

ఎర్రరంగు ఎక్కువైనా కష్టమే

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. ఇరవై ఏళ్ల అనుభవం. "టెర్మినల్ చదవడం రానివాడు ఇంజినీరేంటయ్యా? ఈ ఎర్ర గీతలకు అలవాటుపడితే రేపు సర్వర్ మీద లాగ్ ఎవడు చదువుతాడు?" అంటారు. ఆయన మాటలో నిజముంది. జల్లెడ పట్టుకోలేని తప్పులు ఎప్పుడూ ఉంటాయి. మెమరీ అయిపోయిందనో, ప్యాకేజీ దిగలేదనో వచ్చే తప్పులకు లైను నంబరే ఉండదు. వాటికి టెర్మినల్ చదవాల్సిందే. కొత్తవాళ్లకు నేను చెప్పేది కూడా అదే. కింది నుంచి కాదు, పై నుంచి చదవండి. మొట్టమొదటి తప్పు పట్టుకోండి, దాని వెనకున్న పది చాలావరకు దాని పిల్లలే.

ఇంకో సంగతి. అన్నిటినీ ఎర్రగా చూపిస్తే ఏదీ ఎర్రగా కనబడదు. 1978 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం లింట్ అనే పనిముట్టు చేశాడు. బట్టలకు అంటుకునే నూగును లింట్ అంటారు. కోడ్‌కు అంటిన నూగు దులపడం దాని పని. జావాస్క్రిప్ట్‌కి ఆ పని ఇప్పుడు ఈఎస్‌లింట్ చేస్తోంది. మంచిదే. కానీ మా పాత ప్రాజెక్టు ఒకదానిలో ఎవరో నియమాలన్నీ గంపగుత్తగా ఎర్రర్లుగా పెట్టేశారు. కామా లేకపోయినా ఎర్రర్, డబ్బులు తప్పు లెక్కేసినా ఎర్రర్. జాబితాలో ఎప్పుడూ మూడొందల పైచిలుకు. దాన్ని తెరిచేవాళ్లే లేకపోయారు. కామాల్లాంటివి ఫైలు సేవ్ చేసేటప్పుడు దానంతటదే సర్దేలా పెట్టుకోవచ్చు. బిల్డ్‌ని ఆపేసేది మాత్రమే ఎర్రగా ఉండాలి. మిగతాది పసుపు చాలు.

భాష సంగతి కూడా ఒకటుంది. టైప్‌స్క్రిప్ట్ తన ఎర్రర్లను ఇంగ్లిష్‌లోనే కాదు, జపనీస్, కొరియన్, టర్కిష్, పోలిష్ లాంటి కొన్ని భాషల్లోనూ చెప్పగలదు. తెలుగు ఆ జాబితాలో లేదు. ఏ భారతీయ భాషా లేదు. మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఎర్రర్ చదవగానే ముందు ఆ ఇంగ్లిష్ వాక్యాన్ని విప్పుకోవాలి, తర్వాత అందులోని సంగతి విప్పుకోవాలి. టెర్మినల్‌లో వందల లైన్ల మధ్య ఆ వాక్యం వేలాడుతుంటే భయం రెట్టింపు. అదే వాక్యం తను రాసిన లైను పక్కనే కనబడితే సగం అర్థం ఆ లైనే చెప్పేస్తుంది. అందుకే ఇది సోకు కాదంటాను.

సున్నాకు రెండు అర్థాలు

ఇంతకీ ఆ సాయంత్రం ఏం జరిగింది? ఇన్‌వాయిస్ ఫైలు తెరిచాం. తెరిచీ తెరవగానే 40 కలిపే లైను కింద ఎర్ర గీత. ధరను అంకెగా మార్చి కలిపేలా రాసింది. రెండు నిమిషాల పని. బిల్డ్ పాసయింది. అప్పటికి తను ఆ తప్పు కోసం మూడు గంటలు వెతికింది.

"మీ మెషీన్‌లో అయితే ముందే కనబడేదా అన్నా?" అని అడిగింది.

కనబడేది. ఎందుకంటే నా మెషీన్‌లో వాచ్ నడుస్తూ ఉంటుంది. ప్రాజెక్టు మొదట్లో సెటప్ చేసింది నేనే. ఆ టాస్క్ ఫైలు రాసుకున్నదీ నేనే. ఎడిటర్ సెట్టింగులు ఎవరిష్టం వాళ్లది కదా అని ఆ ఫోల్డర్‌ను గిట్ ఇగ్నోర్‌లో పెట్టేసిందీ నేనే. అంటే ఎర్ర పెన్ను నా జేబులో పెట్టుకుని, మిగతావాళ్లను స్టాఫ్ రూమ్ గోడ చూసుకోమన్నాను. నా తెర మీద సున్నా అంటే 'ప్రాజెక్టు మొత్తంలో తప్పు లేదు' అని. తన తెర మీద అదే సున్నాకు 'నువ్వు తెరిచినవాటిలో లేదు' అని అర్థం. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆ తేడా తనకు నేను చెప్పలేదు. నిజం చెప్పాలంటే, అప్పటిదాకా నాకూ తట్టలేదు.

క్యాబ్ సంగతి మర్చిపోయి, ఆ ఫోల్డర్‌ను ఇగ్నోర్‌లోంచి తీసి, టాస్క్ ఫైలు అందరికీ వచ్చేలా పంపాను. తర్వాత గ్రూపులో రాశాను. "ఇవాళ్టి బిల్డ్ ఆగడానికి కారణం ప్రాజెక్టు సెటప్‌లోని లోపం. అది నాది. తను చెక్ చేసింది, ఎడిటర్ చూపించలేదంతే. ఇప్పుడు సరిచేశాను, అందరూ కొత్త కోడ్ తీసుకోండి." దానికి ఒక బొటనవేలు గుర్తు వచ్చింది. క్షమాపణ లాంటిదేమీ రాలేదు. మా గ్రూపుల్లో అంతకుమించి రాదు. కానీ ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి వెళ్తూ వెళ్తూ "థ్యాంక్స్ అన్నా" అన్న తీరు చూస్తే, ఆ మెసేజ్ రెండు గంటలు ముందే పడాల్సిందనిపించింది.

డెమో బాగానే జరిగింది. ఇది జరిగి మూడు వారాలవుతోంది. నిన్న మధ్యాహ్నం తను మళ్లీ నా సీటు దగ్గరికొచ్చింది. ఈసారి మొహంలో కంగారు లేదు, ఓ చిన్న నవ్వు ఉంది.

"అన్నా, కొత్త కోడ్ తీసుకోగానే ఒక ఫైలు ఎర్రగా చూపిస్తోంది. నేను అసలు ముట్టుకోలేదు. రాసినవాళ్ల పేరు చూస్తే మీదే ఉంది."

వెళ్లి చూశాను. నిజమే, నాదే. ఆ రోజు పొద్దున తొందరలో వాచ్ ఆపేసి పంపాను.